పాఠకుల ప్రశ్నలు: కబేళా నీటికి గాలి లేని శుద్ధి

కబేళాల నుంచి వచ్చే వ్యర్థజలాన్ని అవాయు జీర్ణక్రియతో, అంటే గాలి చొరకుండా మూసిన ట్యాంకులో సూక్ష్మజీవుల చేత కుళ్లబెట్టి, శుద్ధి చేసే పద్ధతి గురించి ఈ శీర్షికలో క్లుప్తంగా రాసిన తరవాత వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా మార్చాం.

ప్రశ్న: కబేళా నీటిని ఊరి మురుగు కాలువలోకే వదిలి, అందరి నీటితోపాటు శుద్ధి చేస్తే సరిపోదా? దీనికి ప్రత్యేకంగా ఒక ప్లాంటు ఎందుకు? (ఒక విద్యార్థిని)

జవాబు: వదలవచ్చు, చాలా చోట్ల వదులుతున్నారు కూడా. అయితే ఆ భారమంతా ఊరి శుద్ధి కేంద్రం మీద పడుతుంది. నీటిలో ఉన్న సేంద్రియ పదార్థాన్ని పూర్తిగా ఆక్సీకరించడానికి ఎంత ప్రాణవాయువు కావాలో తెలిపే కొలతను సీఓడీ అంటారు. ఇళ్ల మురుగునీటిలో అది మామూలుగా లీటరుకు 400 నుంచి 800 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. కబేళా నీటిలో 2,000 నుంచి 10,000 దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా కనిపిస్తుంది. ఈ తేడాకు ప్రధాన కారణం రక్తం. ఒక లీటరు రక్తం సీఓడీ సుమారు 3,75,000 మిల్లీగ్రాములు. కాలువలోకి జారిపోయిన ఆ ఒక్క లీటరు, సీఓడీ 500 ఉన్న ఇళ్ల మురుగునీరు 750 లీటర్లతో సమానమైన భారాన్ని తెచ్చిపెడుతుంది. దానికి తోడు కొవ్వు, మాంసపు తునకలు, పేగుల కడుగు, జంతువు పొట్టలో మిగిలిన అరగని మేత కూడా ఆ నీటిలోనే చేరతాయి.

ఇంత చిక్కటి నీటిని గాలి ఊది శుద్ధి చేయాలంటే, తొలగించే ప్రతి కిలో సీఓడీకీ అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా విద్యుత్తు ఖర్చవుతుంది. పైగా గాలి మీద బతికే బ్యాక్టీరియా తిన్నదానిలో పెద్ద భాగాన్ని తమ శరీరాలుగా మార్చుకుంటాయి కనుక, తొలగించిన కాలుష్యంలో మూడో వంతుకు పైగా తిరిగి బురద రూపంలో మన చేతికే వస్తుంది. గాలి లేని ట్యాంకులో గాలి ఊదే ఖర్చు ఉండదు, బురద అందులో కొద్ది వంతే తయారవుతుంది, సీఓడీలో అధిక భాగం మీథేన్‌గా పైకి లేస్తుంది. ఈ పద్ధతి గురించి మాట్లాడేవారు ముందుగా గ్యాసు సంగతే ఎత్తుతారు గాని, నా దృష్టిలో మొదటి రెండు లాభాలే పెద్దవి, నమ్మదగినవి.

ప్రశ్న: పేడతో నడిచే బయోగ్యాస్ ప్లాంటు ఎలా పని చేస్తుందో తెలుసు. అలాంటి దానిలోనే ఈ నీటిని పోస్తే కాదా? (ఒక రైతు)

జవాబు: లోపల జరిగే పని ఒకటే. మొదట కొన్ని సూక్ష్మజీవులు తమ ఎంజైములతో ప్రోటీన్లను, కొవ్వులను, పిండి పదార్థాలను చిన్న అణువులుగా విడగొడతాయి. మరికొన్ని వాటిని సేంద్రియ ఆమ్లాలుగా మారుస్తాయి. ఇంకొన్ని ఆ ఆమ్లాలను ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా కుదిస్తాయి. చివరకు ఆర్కియా అనే ప్రాచీన జాతి సూక్ష్మజీవులు వీటి నుంచి మీథేన్ తయారు చేస్తాయి. మొదటి బృందాలు కొన్ని గంటల్లోనే రెట్టింపవుతాయి. ఎసిటిక్ ఆమ్లం మీద బతికే మీథేన్ జీవులకు మాత్రం రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. ముందున్నవారు వేగంగా ఆమ్లం తయారు చేస్తూ, వెనకున్నవారు దాన్ని అంత వేగంగా తినలేకపోతే ట్యాంకు పులిసిపోతుంది. ఈ రంగంలో ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి పైగా ఈ వేగాల తేడా నుంచే పుడతాయి.

చిక్కల్లా పరిమాణంలో ఉంది. పేడ ప్లాంటులో పోసిన సరుకు నెలకు పైగా లోపల ఉంటుంది. రోజుకు 200 ఘనపు మీటర్ల నీరు వచ్చే కబేళాకు అదే లెక్కన 40 రోజుల నిల్వ ఇవ్వాలంటే 8,000 ఘనపు మీటర్ల ట్యాంకు కట్టాలి. నీటిని త్వరగా బయటికి పంపుతూ, నెమ్మదిగా పెరిగే సూక్ష్మజీవులను మాత్రం లోపలే నిలుపుకోగలిగితే ఈ కష్టం తీరుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో పరిశోధకులు మాంసం ప్యాకింగ్ పరిశ్రమ నీటి మీద ఇదే పని చేసి 1955లో ఫలితాలు ప్రచురించారు. బయటికి వచ్చిన నీటిలోని బురదను తేర్చి మళ్లీ రియాక్టర్‌లోకే పంపడం వారి ఉపాయం. ఆ తరవాత 1970ల దశకంలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో పరిశోధకుడు లెట్టింగా బృందం యూఏఎస్‌బీ రియాక్టర్‌ను రూపొందించింది. అందులో నీరు అడుగు నుంచి పైకి మెల్లగా పారుతుంది. సూక్ష్మజీవులు ఒకదానికొకటి అంటుకుని, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల బరువైన గుళికలుగా మారి, ఆ పారుదలకు కొట్టుకుపోకుండా అడుగునే దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. నీరు ఒక రోజు ఉండి వెళ్లిపోతుంది, గుళికలు నెలల తరబడి ఉంటాయి.

ప్రశ్న: మా పురపాలక కబేళా నుంచి రోజుకు 200 ఘనపు మీటర్ల నీరు వస్తుంది, సీఓడీ లీటరుకు సగటున 5,000 మిల్లీగ్రాములు. ఎంత పెద్ద రియాక్టర్ కావాలి, ఎంత గ్యాసు వస్తుంది, ఏ రకం మేలు? (ఒక పురపాలక ఇంజనీరు)

జవాబు: మీ అంకెల ప్రకారం రోజువారీ భారం 1,000 కిలోల సీఓడీ. యూఏఎస్‌బీ అయితే, కొవ్వును ముందుగా బాగా తీసివేసిన కబేళా నీటికి రియాక్టర్ ఘనపు మీటరుకు రోజుకు 4 కిలోలు అనుకోవడం జాగ్రత్తతో కూడిన అంచనా. అప్పుడు 250 ఘనపు మీటర్ల రియాక్టర్ చాలు, నీరు లోపల 30 గంటలు ఉంటుంది. కరపత్రాల్లో కనిపించే 10, 15 కిలోల అంకెలు కరిగిన చక్కెరల వంటి తేలిక సరుకుకు చెందినవి. వాటిని మీ నీటికి వర్తింపజేయవద్దు.

తొలగిన ప్రతి కిలో సీఓడీకీ సిద్ధాంతం ప్రకారం 0.35 ఘనపు మీటర్ల మీథేన్ వస్తుంది, అదీ సున్నా డిగ్రీల వద్ద, సాధారణ వాతావరణ పీడనంలో కొలిస్తే. నూటికి 80 వంతులు తొలగితే 800 కిలోలు, అంటే 280 ఘనపు మీటర్లు. కొంత సూక్ష్మజీవుల పెరుగుదలకు పోతుంది, కొంత బయటికి వెళ్లే నీటిలో కరిగి పోతుంది. కాబట్టి 240 అనుకోండి. ఒక ఘనపు మీటరు మీథేన్‌లో సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి ఉంటుంది కనుక రోజుకు 2,400 యూనిట్లు. జనరేటర్‌లో మండిస్తే దానిలో మూడో వంతుకు కాస్త పైన, 800 యూనిట్ల పైచిలుకు విద్యుత్తుగా మారుతుంది.

ఇక్కడ ఒక లెక్క చాలామంది వేయరు. ఈ సూక్ష్మజీవులు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర చురుకుగా ఉంటాయి. మీ నీరు 25 డిగ్రీల వద్ద వస్తే, రోజూ 200 టన్నుల నీటిని 10 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు 2,300 యూనిట్ల వేడి కావాలి. అంటే వచ్చిన గ్యాసంతా దాదాపు దానికే సరి! కాబట్టి నీటిని వేడి చేయడం గురించి కాకుండా చల్లారనివ్వకపోవడం గురించి ఆలోచించాలి. కత్తులను 82 డిగ్రీల నీటిలో శుభ్రపరిచే నియమం, బొచ్చు ఊడదీయడానికి వాడే సుమారు 60 డిగ్రీల నీరు, నేల కడిగే వేడినీరు, ఇవన్నీ కలిసి కబేళా నీరు సాధారణంగా గోరువెచ్చగానే వస్తుంది. దాన్ని మూతలేని కాలువల్లో పారించి, మూతలేని ట్యాంకులో రెండు రోజులు నిలవబెట్టి, ఆ తరవాత హీటరు కొనేవారున్నారు. కాలువలకు మూతలు, ట్యాంకుకు ఉష్ణరోధక పొర, బయటికి వెళ్లే నీటి వేడిని లోపలికి వచ్చే నీటికి అందించే ఉష్ణ వినిమయ పరికరం, ఈ మూడింటికి పెట్టే ఖర్చు తిరిగి వస్తుంది.

రకం విషయానికి వస్తే, చోటు విస్తారంగా ఉండి వాతావరణం వెచ్చగా ఉంటే, పైన ప్లాస్టిక్ పొర కప్పిన లోతైన మడుగు చాలా ఓపికగల ఏర్పాటు. ఆస్ట్రేలియా, అమెరికాల్లోని మాంసం పరిశ్రమల్లో ఇవి విరివిగా ఉన్నాయి. నీటిని రోజుల తరబడి నిలుపుతుంది కనుక కొవ్వు భారం ఒకనాడు పెరిగినా తట్టుకుంటుంది. అయితే పొర కింద కొవ్వు గడ్డకట్టి పేరుకుపోతే దాన్ని తీయడం నరకం. చోటు తక్కువైతే యూఏఎస్‌బీ, లేదా బురదను తేర్చి వెనక్కి పంపే పద్ధతి, లేదా అతి సన్నని పొరల గుండా నీటిని వడకట్టే మెంబ్రేన్ రియాక్టర్. కొవ్వు, నలుసులు ఎక్కువగా వచ్చే చోట యూఏఎస్‌బీ కంటే బురదను వెనక్కి పంపే పాత పద్ధతికే నేను మొగ్గుతాను. దానికి అంత పేరు లేదు గాని, గుళికలు నిలబడతాయా లేదా అన్న బెంగ ఉండదు.

ఏది ఎంచుకున్నా దానికి ముందు జల్లెడ, కొవ్వు తీసే ఏర్పాటు, నీటిని కలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు తప్పనిసరి. కబేళాలో వధ సాగే కొన్ని గంటల్లో ఒక రకం నీరు, ఆ తరవాత నేల కడిగే వేళ మరొక రకం నీరు వస్తాయి. సెలవు దినాన ఏమీ రాదు. సూక్ష్మజీవులకు మాత్రం సెలవు ఉండదు.

ప్రశ్న: మా రియాక్టర్ రెండు నెలలకు పైగా చక్కగా నడిచింది. ఇప్పుడు నురగ పొంగుతోంది, బురద పైకి తేలి నీటితోపాటు బయటికి పోతోంది, గ్యాసు తగ్గింది. పీహెచ్ మాత్రం 7.1 దగ్గరే ఉంది. లోపం ఎక్కడ? (ఒక ప్లాంటు ఆపరేటర్)

జవాబు: మీరు వర్ణించిన లక్షణాలన్నీ కొవ్వు వైపే చూపుతున్నాయి. కొవ్వు అణువు నీటిలో విడిపోయినప్పుడు గ్లిసరాల్, దానితోపాటు పామిటిక్, స్టియరిక్, ఓలియిక్ వంటి పొడవైన గొలుసు కొవ్వు ఆమ్లాలు బయటపడతాయి. ఈ విడిపోవడం త్వరగా జరుగుతుంది. ఆ ఆమ్లాలను ముక్కలు చేసి ఎసిటిక్ ఆమ్లంగా మార్చడం మాత్రం నెమ్మదిగా సాగుతుంది, అది కూడా లోపలి హైడ్రోజన్ పీడనం అతి స్వల్పంగా ఉన్నప్పుడే వీలవుతుంది. అంతవరకు ఆ ఆమ్లాలు సూక్ష్మజీవుల గుళికల చుట్టూ జిడ్డు పొరలా అంటుకుంటాయి. దానితో ఆహారం లోపలికి, గ్యాసు బయటికి సరిగా సాగవు. గ్యాసు బుడగలు చిక్కుకున్న జిడ్డు గుళిక తేలికై పైకి లేస్తుంది. మీరు కాలువలో చూస్తున్న బురద అదే. ఒక చిన్న పరీక్ష చేయండి: తేలిన బురదను కొద్దిగా గాజు పాత్రలోకి తీసుకుని వేళ్ల మధ్య నలపండి, చేతికి తొడుగు మరవకండి. ఆరోగ్యమైన గుళిక నల్లగా, గట్టిగా, ఇసుక రేణువులా తగులుతుంది. కొవ్వు పట్టినది బూడిద తెలుపు రంగులోకి తిరిగి, మెత్తగా, సబ్బులా జారుతుంది.

పీహెచ్‌ను చూసి ధైర్యపడవద్దు. కబేళా నీటిలో ప్రోటీన్ విరిగి విడుదలైన అమ్మోనియా, బైకార్బొనేట్‌తో కలిసి పీహెచ్‌ను చాలాసేపు నిలబెడుతుంది. అది పడిపోయే సరికి పరిస్థితి చేయి దాటి ఉంటుంది. రోజూ చూడవలసింది ఎగిరే కొవ్వు ఆమ్లాలకు (ఎసిటిక్ ఆమ్లం వంటి చిన్న ఆమ్లాలకు), మొత్తం క్షారతకు మధ్య ఉన్న నిష్పత్తి. అది 0.3 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, 0.4 దాటితే మేత, అంటే లోపలికి పంపే నీరు, తగ్గించాలి, 0.8 చేరితే రియాక్టర్ పులిసిపోతున్నట్లే. ఈ పరీక్షకు ఒక బ్యురెట్, కొంత సల్ఫ్యూరిక్ ఆమ్లం, పీహెచ్ మీటరు చాలు.

ఇప్పుడు చేయవలసింది, ముందుగా కొత్త నీటిని ఆపడం. అంటుకున్న కొవ్వు ఆమ్లాలు శాశ్వతంగా విషం కావు. మేత ఆపి, వెచ్చగా ఉంచి, నెమ్మదిగా కలియబెడుతూ కొన్ని రోజులు వదిలితే సూక్ష్మజీవులు వాటినే తిని మీథేన్‌గా మారుస్తాయి, ఆ తరవాత కొవ్వును జీర్ణించే శక్తి ముందుకంటే పెరుగుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. గ్యాసు మళ్లీ పెరిగి, తరవాత తగ్గుముఖం పట్టినప్పుడు, పాత భారంలో పావు వంతుతో మొదలుపెట్టి, పై నిష్పత్తిని చూస్తూ పెంచుకుంటూ వెళ్లండి. బయటికి పోయిన బురదను పారబోయకుండా ఒక తేర్పు తొట్టిలో పట్టి ఉంచితే తిరిగి వేసుకోవడానికి పనికొస్తుంది.

దీనితోపాటు మూలాన్ని వెతకాలి. కొవ్వు తేర్చే తొట్టి నిండిపోయి పైనుంచి పొర్లుతోందా? గాలి బుడగలతో కొవ్వును తేల్చే యంత్రం మధ్యలో ఆగిందా? వేడినీటితో కడిగినప్పుడు కరిగిన కొవ్వు తొట్టిలో తేలకుండానే దాటిపోయి, ముందుకెళ్లాక చల్లారి గడ్డకడుతోందా? మూడోది మనం గమనించని దొంగదారి. చివరగా, శుభ్రపరిచే మందును ఈమధ్య మార్చారేమో కనుక్కోండి. క్లోరిన్, క్వాటర్నరీ అమోనియం రసాయనాలు నేల మీది క్రిములను చంపినట్లే మీ రియాక్టర్‌లోని జీవులనూ చంపుతాయి. కడిగే సిబ్బందికీ ప్లాంటు సిబ్బందికీ మధ్య మాటలు లేని చోట ఈ ప్రమాదం తరచుగా జరుగుతుంది.

ప్రశ్న: రక్తంలో అంత శక్తి ఉందంటున్నారు కదా, దాన్ని, పేగులను కూడా నేరుగా రియాక్టర్‌లోకే పంపితే ఎక్కువ గ్యాసు రాదా?

జవాబు: వస్తుంది, కొన్నాళ్లు. రక్తంలో ఉన్నది ప్రధానంగా ప్రోటీన్, ప్రోటీన్ బరువులో నూటికి సుమారు 16 వంతులు నైట్రోజన్. అదంతా అమ్మోనియాగా బయటపడుతుంది. అమ్మోనియంగా, అంటే విద్యుదావేశమున్న అయాన్‌గా, ఉన్నంతసేపు అది పెద్దగా హాని చేయదు. మీథేన్ జీవుల్లోకి చొరబడేది విడి అమ్మోనియా. 35 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తంలో నూటికి ఒక వంతు మాత్రమే విడిగా ఉంటుంది, పీహెచ్ 8 అయితే సుమారు పది వంతులు. ఉష్ణోగ్రత పెంచినా ఇదే జరుగుతుంది. అందుకే 55 డిగ్రీల వద్ద నడిపే రియాక్టర్లు ప్రోటీన్ సరుకుతో త్వరగా మొరాయిస్తాయి.

రక్తాన్ని నేల మీద పడకముందే తొట్టిలో పట్టి, విడిగా ఆరబెట్టి వాడుకోవడం అన్నిటికన్నా మేలు. ఘన వ్యర్థాలను జీర్ణించాలంటే అది వేరే ప్లాంటు పని. వాటిని నూరి, ఎక్కువ కార్బన్ ఉన్న ఇతర సేంద్రియ వ్యర్థాలతో కలిపి, వారాల తరబడి నిలుపుతారు. స్వీడన్‌లోని లిన్షోపింగ్‌లో కబేళా వ్యర్థాలను ఇతర వ్యర్థాలతో కలిపి తీసిన గ్యాసుతో బస్సులు నడిపారు, 2005లో ఒక రైలును కూడా నడిపారు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో ఇలాంటి సరుకును 12 మిల్లీమీటర్లకు మించని ముక్కలు చేసి, 70 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలన్న ప్రమాణం ఉంది. పిచ్చి ఆవు వ్యాధి వంటివి సోకిన జంతువుల భాగాలను అందులోకి అనుమతించరు. ఆ వ్యాధికారక ప్రోటీన్లను ఈ వేడి గాని, జీర్ణక్రియ గాని నాశనం చేయలేవు.

ప్రశ్న: కబేళా పక్కనే మా ఇల్లు. ప్లాంటు కడితే వాసన పెరుగుతుందా? ప్రమాదం ఉందా?

జవాబు: మూసిన రియాక్టర్ నుంచి వాసన రాకూడదు. వస్తున్నదంటే చాలావరకు జల్లెడ దగ్గర గుట్టపోసిన అరగని మేత నుంచో, తీసిన కొవ్వు నిల్వ నుంచో, మూతలేని ఈక్వలైజేషన్ ట్యాంకు నుంచో వస్తుంది. మీరు ప్రశ్నించవలసింది వాటి గురించి.

ప్రమాదం మాత్రం చిన్నది కాదు, అయితే అది ముఖ్యంగా లోపల పని చేసేవారికి. ప్రోటీన్‌లోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతుల దగ్గరకు చేరితే ముక్కు మొద్దుబారి వాసన తెలియదు, ఇంకా పెరిగితే క్షణాల్లో మనిషి కూలిపోతాడు. వాసన ఆగిపోయింది కదా అని గుంతలోకి దిగినవాడు, అతన్ని రక్షించబోయి దిగిన రెండోవాడు, ఇద్దరూ చనిపోయిన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. గ్యాసు కొలిచే మీటరు, గాలి పంపే బ్లోయర్, శ్వాస పరికరం, పైన తాడు పట్టుకున్న మనిషి లేకుండా ఏ ట్యాంకులోకీ, మ్యాన్‌హోల్‌లోకీ ఎవరూ దిగకూడదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. వాడుకోలేని గ్యాసును ఊరికే వదలకుండా మండించే ఏర్పాటు ఉండి తీరాలి.

ప్రశ్న: రియాక్టర్ నుంచి వచ్చిన నీరు తేటగా కనిపిస్తోంది. దాన్ని వాగులోకి వదలవచ్చా, పొలాలకు పారించవచ్చా?

జవాబు: వాగులోకి వదలకూడదు. 5,000 సీఓడీలో 80 శాతం తొలగినా 1,000 మిగులుతుంది, అది ఇళ్ల మురుగు కంటే ఎక్కువే. నైట్రోజన్, ఫాస్ఫరస్ దాదాపు తగ్గవు. నైట్రోజన్ సేంద్రియ రూపం నుంచి అమ్మోనియాగా మారుతుందంతే, అది చేపలకు విషం. గాలి ఊదే రెండో దశ అందుకే అవసరం. అక్కడ ఒక చిక్కు ఉంది: అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చిన తరవాత దాన్ని నైట్రోజన్ వాయువుగా పంపే బ్యాక్టీరియాకు ఆహారంగా కార్బన్ కావాలి, ఆ కార్బన్‌ను మనం అప్పటికే గ్యాసుగా తీసేశాం. అందుకే మొదటి నుంచే, కొవ్వు తీసిన పచ్చి నీటిలో కొంత భాగాన్ని రియాక్టర్‌కు పంపకుండా నేరుగా రెండో దశకు మళ్లించే గొట్టం పెట్టుకోవాలి. గ్యాసు కొంత తగ్గుతుంది. దానికి బాధపడి ఆ గొట్టం మూసేసినవారు తరవాత ఆ కార్బన్ కోసం మిథనాల్ కొనుక్కుంటారు.

పొలాలకు పారించడం సాధ్యమే, నైట్రోజన్ ఎంత ఉందో పరీక్షించి పైరుకు కావలసిన మేరకే ఇస్తే. 35 డిగ్రీల జీర్ణక్రియ వ్యాధికారక క్రిములను తగ్గిస్తుంది గాని పూర్తిగా చంపదు. పచ్చిగా తినే కూరగాయలకు ఆ నీటిని పెట్టకూడదు, ఉప్పు శాతాన్ని కూడా చూసుకోవాలి.